టర్బోచార్జర్ లోప నిర్ధారణ – ఒక చారిత్రక పరిశీలన

7.1 పరిచయం

ఇంతకు ముందు భాగంలో ఆవిరి యంత్రం స్థానంలోకి డీజిల్ ఇంజన్ ఎలా వచ్చిందో చదివారు. ఈ భాగంలో ఆ ఇంజన్ పక్కన బిగించే ఒక చిన్న పరికరం గురించి చదువుతారు. అది సరిగా పనిచేయనప్పుడు అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి మనుషులు దాదాపు నూరేళ్లుగా నేర్చుకుంటూ వచ్చిన పద్ధతులే ఇక్కడ మనకు ముఖ్యం. యంత్రాలను కనిపెట్టిన వారి చరిత్ర పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. వాటిని బాగుచేసిన వారి చరిత్ర అంత తేలిగ్గా దొరకదు. వారు రాసిపెట్టింది తక్కువ, చేతిలోనూ చెవిలోనూ దాచుకున్నది ఎక్కువ.

మీలో కొందరు పగలు గ్యారేజీలోనో, రవాణా సంస్థలోనో పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరుస్తున్నారని నాకు తెలుసు. వారికి ఇందులోని యంత్ర విషయాలు కొత్త కాకపోవచ్చు. మిగిలిన వారు కంగారుపడనక్కరలేదు. ఇంజన్ గురించి ఏమీ తెలియకపోయినా అర్థమయ్యేటట్టుగానే చెబుతాను.

డీజిల్ కారు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినబడే మాట "టర్బో పోయింది". బండి ఎత్తు ఎక్కడం లేదు, పికప్ తగ్గింది, పొగ కొడుతోంది, ఈల వేస్తోంది. ఫిర్యాదు ఏదైనా తీర్పు మాత్రం ఒకటే. ఆ తీర్పు ఖరీదు పదుల వేల రూపాయలు. టాక్సీ మీద బతికే కుటుంబానికి అది నెలల తరబడి తీరని అప్పు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ వాక్యాన్ని సాక్ష్యంగా కాక వ్యాఖ్యానంగా చూడాలి. ఒక రాజ్యం కూలినచోట మనకు ముందుగా కనబడేది చివరి యుద్ధం. అంతమాత్రాన ఆ యుద్ధమే పతనానికి కారణమని రాసి ఊరుకోం. భూమిశిస్తు చూస్తాం, వారసత్వ తగాదాలు చూస్తాం, కరువులు చూస్తాం. టర్బో సంగతీ అంతే. చాలాసార్లు అది లోపం పుట్టిన చోటు కాదు, లోపం బయటపడిన చోటు. ఈ సంగతి ఎవరికి, ఎప్పుడు, ఎంత నష్టం తర్వాత తెలిసివచ్చిందన్నదే ఈ భాగం విషయం.

7.2 పొగతో నడిచే చక్రం

రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచింది. అప్పటి ఇంజన్లన్నిటికంటే అది ఇంధనాన్ని బాగా వాడుకుంది. అయినా ఇంధనంలోని వేడిలో సుమారు మూడో వంతు పొగగొట్టం గుండా బయటికి పోతూనే ఉంది. ఈ వృథాను చూసి ఊరుకోలేనివాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహి. బయటికి పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పాలి, అదే ఇరుసుకు రెండో కొసన మరో చక్రం బిగించి దానితో బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపాలి అన్నది ఆయన ఆలోచన. 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. సిలిండర్లోకి ఎక్కువ గాలి వెళితే ఎక్కువ ఇంధనం కాలుతుంది, ఎక్కువ శక్తి వస్తుంది. చెప్పడానికి ఇంతే.

చేయడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది. అంత వేడిని, అంత వేగాన్ని ఓర్చుకునే లోహం కావాలి, బేరింగులు కావాలి. 1920ల మధ్యలో 'ప్రాయిసెన్', 'హాన్సెస్టాట్ డాన్‌సిగ్' అనే రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల కోసం చేసిన పది సిలిండర్ల డీజిల్ ఇంజన్లకు బూహి పద్ధతిని అమర్చారు. 1750 అశ్వశక్తి ఇంజన్ 2500 అశ్వశక్తి ఇచ్చింది. ఇంజన్ పెద్దది కాలేదు, సిలిండర్లు పెరగలేదు. బయట పారేసే పొగ నుంచే ఆ అదనపు శక్తి రాబట్టారు. 1938లో స్విట్జర్లాండ్‌కే చెందిన సౌరర్ సంస్థ లారీ ఇంజన్‌కు టర్బో పెట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి టర్బో నిర్మాణాన్ని మనసులో బొమ్మ గీసుకోండి. నత్తగుల్ల ఆకారంలో రెండు గదులు. ఒకదాంట్లో పొగ తిప్పే చక్రం, రెండోదాంట్లో గాలి నొక్కే చక్రం. రెండిటినీ కలిపే ఇరుసు మధ్యలో పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. నేటి చిన్న కార్లలో దాని వేగం నిమిషానికి లక్షన్నర చుట్లు దాటుతుంది. పొగ వైపు గది ఎర్రగా కాలే వేడి, గాలి వైపు అంతకంటే ఎంతో చల్లన. ఈ రెండిటి నడుమ ఇరుసును కాపాడేది ఆ ఆయిల్ పొర ఒక్కటే.

దీన్నిబట్టి ఒక విషయం గ్రహించవచ్చు. టర్బోకు సొంతంగా ఏమీ లేదు. పొగ ఇంజన్ ఇవ్వాలి, గాలి ఫిల్టర్ ఇవ్వాలి, ఆయిల్ పంపు ఇవ్వాలి, ఎంత నొక్కాలో ఎవరో చెప్పాలి. నలుగురి మీద ఆధారపడి బతికేది ఏదైనా చెడితే ఆ నలుగురినీ విచారించకుండా నేరం దానిమీదే మోపడం న్యాయం కాదు. ఈ నాలుగు ఆధారాలనూ గుర్తు పెట్టుకోండి. ఇకమీద చెప్పబోయే ప్రతి ఉదంతంలోనూ వీటిలో ఏదో ఒకటి తప్పుతుంది.

7.3 ఇండియానాపొలిస్, 1952

టర్బో చరిత్రలో అందరి కళ్లెదుట జరిగిన మొదటి పెద్ద వైఫల్యం అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెంలో జరిగింది. లారీ ఇంజన్లు చేసే కమిన్స్ సంస్థ తన డీజిల్ ఇంజన్ సత్తా చాటడానికి ఒక పందెపు కారును తయారుచేయించింది. 6.6 లీటర్ల ఇంజన్‌ను పక్కకు పడుకోబెట్టి, దానికి టర్బో తగిలించారు. ఫ్రెడ్ అగబాషియన్ అనే డ్రైవరు అర్హత పరుగులో గంటకు 138.01 మైళ్ల వేగంతో నడిపి అందరికంటే ముందు స్థానం సంపాదించాడు. డీజిల్ అంటే లారీ, ట్రాక్టర్ అనుకునే జనం నోరెళ్లబెట్టారు.

పందెం 200 చుట్లు. 71వ చుట్టు దగ్గరే ఈ కారు విరమించుకుంది. వెనక నల్లపొగ, ముందు బలహీనత. టర్బో విఫలమైందని ఎవరైనా అంటారు. విప్పి చూస్తే టర్బోకు గాలి వెళ్లే దారి టైర్ల నుంచి రాలిన రబ్బరు తునకలతో పూడుకుపోయి ఉంది. గాలి లోపలికి వెళ్లే ద్వారాన్ని కారు ముక్కు దగ్గర, నేలకు బాగా దగ్గరగా పెట్టారు. ముందు పోయే కార్లు వదిలిన రబ్బరు చెత్తనంతా అది ఊడ్చుకుంది.

ఈ ఉదంతంలో నల్లపొగను గమనించండి. గాలి తక్కువై ఇంధనం అంతే ఉంటే, కాలని కర్బనం మసిగా బయటికి వస్తుంది. నల్లపొగ చెప్పేది "గాలి చాలడం లేదు" అని మాత్రమే. గాలి ఎందుకు చాలడం లేదో అది చెప్పదు. చక్రం విరిగిందా, గొట్టం చీలిందా, దారి మూసుకుపోయిందా అన్నది మనం వెతకాలి. కొన్ని డాలర్ల ఖర్చుతో గాలి ద్వారం పైకి మార్చి ఉంటే ఆ పందెం చరిత్ర వేరుగా ఉండేదేమో! అలాంటి 'అయితే' ప్రశ్నలు చరిత్రకారులు వేయకూడదంటారు కానీ, మెకానిక్కు అవి వేయక తప్పదు.

7.4 డీజిల్ షెడ్లలో పుట్టిన విద్య

మన ప్రాంతంలో టర్బో కార్ల కంటే ముందు రైళ్లతో వచ్చింది. 1960లలో అమెరికా ఆల్కో సంస్థ పరిజ్ఞానంతో డబ్ల్యూడీఎం–2 అనే రైలింజన్ భారతదేశానికి వచ్చింది. తర్వాత వారణాసి కర్మాగారంలో అవి పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి, ఒక భారీ టర్బో. కాజీపేట, గుత్తి, విజయవాడ, మౌలాలి షెడ్లలో తరాల కార్మికులు ఇలాంటి ఇంజన్ల మీద చేయి తిప్పుకున్నారు. స్టేషన్ నుంచి బయలుదేరేటప్పుడు ఆ ఇంజన్ ఆకాశానికి వదిలే నల్లపొగ మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అది లోపం కాదు. డ్రైవరు ఇంధనం పెంచిన వెంటనే టర్బో వేగం అందుకోదు. ఆ కొద్ది క్షణాల లోటే నల్లపొగ. టర్బో వేగం అందుకున్నాక పొగ పలుచబడుతుంది. అంటే ఒకే నల్లపొగ ఒక సందర్భంలో మామూలు, మరో సందర్భంలో జబ్బు. ఎంతసేపు వచ్చిందన్నది తెలియకుండా రంగు ఒక్కటే చూసి లాభం లేదు.

షెడ్లలో టర్బోకు చేసే ఒక పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంజన్‌ను బాగా వేడెక్కేదాకా నడిపి ఒక్కసారిగా ఆపేస్తారు. ఇంజన్ ఆగినా టర్బో ఇరుసు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఒకరు పొగగొట్టం లోంచి చక్రాన్ని చూస్తూ ఉంటారు, చేతిలో స్టాప్‌వాచ్. పూర్తిగా ఆగడానికి 90 నుంచి 180 సెకన్లు పట్టాలి. అంతకంటే ముందే ఆగితే బేరింగు పట్టేస్తోందని, లేదా చక్రం ఎక్కడో రాసుకుంటోందని అనుమానించాలి. మరీ ఎక్కువసేపు తిరిగినా మంచిది కాదనే లెక్క.

నాకు ఈ పరీక్ష ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఖరీదైన పరికరం లేదు, విప్పదీయడం లేదు. ఒక కన్ను, ఒక గడియారం, ఒక పుస్తకంలో రాసిన అంకె. పోయిన నెల 130 సెకన్లు, ఈ నెల 100 అని ఉంటే ఆ రెండంకెల మధ్య ఉన్నది అచ్చమైన చరిత్రే. ఒక్క కొలత కంటే కొలతల వరుస ఎక్కువ చెబుతుంది. కార్ల గ్యారేజీలకు ఈ అలవాటు సరిగా రాలేదు. రైలింజన్ ఒకే షెడ్డుకు మళ్లీ మళ్లీ వస్తుంది. కారు మాత్రం ఈ ఏడు ఒక మెకానిక్ దగ్గరికి, పై ఏడు ఇంకొకరి దగ్గరికి పోతుంది. దాని రోగ చరిత్ర ఎవరి దగ్గరా ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రైలింజన్ బయలుదేరేటప్పుడు వచ్చే నల్లపొగకూ, 1952 పందెపు కారు వదిలిన నల్లపొగకూ తేడా ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

7.5 కార్లలోకి రాక

ప్రయాణికుల కార్లకు టర్బో పెట్టే ప్రయత్నం మొదట పెట్రోలు ఇంజన్ల మీద జరిగింది. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో టర్బోతోపాటు నీరు, మిథనాల్ కలిపిన ఒక ద్రవం కూడా పోయాలి. ద్రవం అయిపోతే కారు తనంతట తానే శక్తి తగ్గించుకునేది. చాలామంది యజమానులు ద్రవం పోయడం మరచిపోయి, బండి లాగడం లేదని వాపోయారు. ఖాళీ సీసా చేసిన నేరం టర్బో మీద పడింది. రెండేళ్లకే ఆ కారు మూలపడింది.

డీజిల్ కారుకు టర్బో తగిలించి పెద్ద ఎత్తున తయారుచేసిన మొదటి సంస్థ మెర్సిడెస్–బెంజ్. 1978లో వచ్చిన 300 ఎస్‌డీ కారును అమెరికా మార్కెట్ కోసమే చేశారు. దీని వెనక ఉన్నది ఇంజనీర్ల ఉత్సాహం ఒక్కటే కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో చట్టం చేసి, ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు 1978 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్ద కార్లు అమ్మే సంస్థకు డీజిల్ తప్ప దారి లేదు. డీజిల్ మందకొడిగా ఉంటే కొనేవాడు లేడు. మూడు లీటర్ల, అయిదు సిలిండర్ల ఇంజన్ టర్బోతో 80 అశ్వశక్తి నుంచి 115కు చేరింది. మరుసటి ఏడు ప్యూజో 604 యూరప్‌లో ఆ బాట పట్టింది.

మన దేశంలో అంబాసిడర్ డీజిల్‌కు టర్బో లేదు. 1998 చివర్లో వచ్చిన ఇండికాకూ మొదట లేదు. 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ, 2007లో ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ ఇంజన్‌తో మారుతి స్విఫ్ట్ డీజిల్ వచ్చాయి. ఆ 1248 సీసీ ఇంజన్ తర్వాత ఎన్నో కంపెనీల కార్లలో చేరింది. దానితో టర్బో అన్నది ఊరూరి రోడ్డు మీదికి వచ్చింది. అంబాసిడర్ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించగల మేస్త్రీలు విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ గ్యారేజీల్లో చాలామంది ఉండేవారు. ఈ కొత్త ఇంజన్‌లో వారి అనుభవానికి సగం చోటే మిగిలింది. మిగతా సగం వైర్లలో, సెన్సర్లలో ఉంది.

7.6 కన్ను, చెవి, చేయి

స్కానర్ రాకముందు మేస్త్రీ పొగనే చదివేవాడు. నల్లపొగ సంగతి చూశాం. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. టర్బో సీళ్లు పోయాయని వెంటనే అనేస్తారు. కానీ అదే ఆయిల్ అరిగిన పిస్టన్ రింగుల నుంచి రావచ్చు, వాల్వు సీళ్ల నుంచి రావచ్చు. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. టర్బోకు ఆయిల్ పంపు ఒత్తిడితో వస్తుంది. అక్కడి నుంచి దిగిపోవడానికి మాత్రం పంపు లేదు. వాలున్న గొట్టంలో దానంతట అది కిందికి జారాలి. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోతే కింద ఒత్తిడి పెరిగి, ఆయిల్ దిగలేక టర్బోలోనే నిలిచి, సీళ్లను దాటుకుని గాలి గొట్టంలోకి పారుతుంది. చూసేవారికి టర్బో ఆయిల్ కక్కుతున్నట్టు కనబడుతుంది. కొత్తది పెడితే అదీ కక్కుతుంది. గాలి గొట్టం లోపల కాస్త ఆయిల్ తడి ఉండటం మాత్రం మామూలే, దాన్ని చూసి బెదరనక్కరలేదు.

చెవితో పట్టే లోపాలు వేరు. టర్బోకు సన్నని ఈల సహజం. ఆ ఈల అంబులెన్సు సైరన్‌లా ఎక్కి దిగుతుంటే చక్రం రెక్కలు దెబ్బతిన్నాయనో, ఇరుసు ఊగుతోందనో అనుమానించాలి. ఈల కాక బుస్సుమని గాలి పోతున్న చప్పుడు, అదీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే, టర్బో నుంచి ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టంలోనో ఇంటర్‌కూలర్‌లోనో చీలిక వెతకాలి. సబ్బునీళ్లు పూసి తక్కువ ఒత్తిడితో గాలి పంపితే బుడగలే చోటు చూపిస్తాయి. సైకిల్ ట్యూబుకు పంక్చరు వెతికే విద్యే ఇది.

నేను పదవీ విరమణ తర్వాత వాడిన పాత డీజిల్ కారు ఒకసారి నల్లమల ఘాట్ రోడ్డులో మొరాయించింది. ఒక పెద్ద సర్వీసు సెంటరులో టర్బో మార్చాలని అంచనా కాగితం చేతిలో పెట్టారు. తిరుగు దారిలో ఒక చిన్న గ్యారేజీ కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా గొట్టాల వెంట చేయి పోనిచ్చాడు. ఒకచోట ఆగి "ఇక్కడ గాలి కొడుతోంది సార్, క్లిప్పు వదులైంది" అన్నాడు. పది నిమిషాల పని. ఆ కుర్రాడు మేధావి అనీ, సర్వీసు సెంటరు వారు మోసగాళ్లనీ చెప్పడానికి ఇది రాయడం లేదు. సర్వీసు సెంటరులో విడి భాగం మార్చడానికి లెక్క ఉంటుంది, వెతకడానికి పట్టే గంటకు లెక్క ఉండదు. నిర్ధారణకు విలువ కట్టని చోట మార్పిడే నిర్ధారణ అయిపోతుంది. దీన్ని మీరు ఆర్థిక చరిత్ర ప్రశ్నగా కూడా చూడవచ్చు.

ఇక చేయి. ఇంజన్ చల్లారాక గాలి గొట్టం తీసి, ఇరుసు కొసను వేళ్లతో కదిపి చూస్తారు. పక్కలకు కొద్దిగా ఊగితే తప్పు లేదు, ఎందుకంటే ఇంజన్ ఆగినప్పుడు ఆయిల్ పొర ఉండదు. ముందుకూ వెనక్కూ కదిలితే మాత్రం బేరింగు పని అయిపోయినట్టే. రెక్కల అంచులు గది గోడకు రాసుకున్న గీతలుంటే సందేహం అక్కరలేదు. అప్పుడు టర్బో నిజంగానే పోయింది. అయినా ఎందుకు పోయిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. టర్బో సీళ్లు పూర్తిగా తెగి ఆయిల్ గాలి దారిలోకి ధారగా పడితే, డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి అదుపు తప్పి పరుగెత్తుతుంది. తాళం తిప్పేసినా ఆగదు. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆర్పాలి. అది సాధ్యం కాకపోతే అందరూ దూరంగా జరగాలి. గాలి ద్వారానికి చేయి అడ్డం పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

7.7 పొగ మాయమైన కాలం

1990ల చివర కామన్ రైల్ పద్ధతి వచ్చాక ఇంధనం ఎంత చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయించడం మొదలైంది. గాలి తక్కువగా ఉందని సెన్సరు చెబితే అది ఇంధనమూ తగ్గిస్తుంది. ఫలితం ఏమిటి? టర్బో బలహీనపడినా నల్లపొగ పెద్దగా రాదు, బండి నీరసిస్తుందంతే. దానికి తోడు భారత్ స్టేజ్–6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాక డీజిల్ కార్ల పొగగొట్టాల్లో మసిని పట్టే ఫిల్టర్లు చేరాయి. మసి రోడ్డు మీదికి రాదు, గాలికి ఎంతో మేలు. మేస్త్రీకి మాత్రం వందేళ్లుగా ఉన్న ప్రధాన సాక్షి కనుమరుగైంది. శాసనాలు చదివే పండితుడి ఎదుట శిలలన్నీ నునుపు చేసి పెట్టినట్టయింది.

పాత ఆధారం పోతే కొత్త ఆధారం వచ్చింది. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లలోనూ ఓబీడీ–2 అనే స్వయం పరీక్షా వ్యవస్థ తప్పనిసరైంది. మన దేశంలో మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో వచ్చాయి. ఏ కంపెనీ కారైనా ఒకే తరహా సాకెట్, చాలా లోపాలకు ఒకే రకం సంకేతాలు. టర్బో ఒత్తిడి కావలసినంత రాకపోతే పి 0299, మించిపోతే పి 0234. సంకేతం నమోదైన క్షణంలో వేగం ఎంత, వేడి ఎంత అన్నది కూడా కంప్యూటర్ దాచిపెడుతుంది. లోపం తీవ్రమైతే కారు లింప్ మోడ్‌లోకి, అంటే కుంటుకుంటూ ఇల్లు చేరగలిగే స్థితిలోకి పోతుంది.

పి 0299 అనగానే టర్బో మార్చేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ సంకేతం చెప్పేది ఒకే ఒక్క మాట: అడిగినంత ఒత్తిడి రాలేదు. నల్లపొగ చెప్పిందీ అదే. భాష మారింది, వార్త మారలేదు. గొట్టం చీలినా ఇదే సంకేతం, ఫిల్టర్ పూడినా ఇదే, పొగ టర్బోకు చేరకముందే కారిపోతున్నా ఇదే. కొన్ని టర్బోలలో పొగ దారిని సన్నం, వెడల్పు చేసే కదిలే రెక్కలుంటాయి. ఎప్పుడూ నెమ్మదిగా ఊళ్లోనే తిరిగే బండిలో అవి మసి పట్టి బిగుసుకుంటాయి. ఆ రెక్కలను కదిపే చిన్న వాక్యూమ్ గొట్టం ఎలుక కొరికినా సంకేతం మారదు.

చివరికి సెన్సరే అబద్ధం చెప్పవచ్చు. దాన్ని పరీక్షించే ఉపాయం చాలా సులువు. ఇంజన్ నడపకుండా తాళం మాత్రం తిప్పి, గాలి ఒత్తిడి ఎంత చూపిస్తోందో స్కానర్‌లో చూడాలి. ఇంజన్ ఆగి ఉంది గనుక అది బయటి వాతావరణ పీడనంతో సమానంగా ఉండాలి. విశాఖపట్నంలో సుమారు 100 కిలోపాస్కల్స్, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 ప్రాంతం. హైదరాబాద్‌లో నిలబడ్డ బండి 80 చూపిస్తే ముందు అనుమానించవలసింది సెన్సరునే. ఆధార పత్రం ఏం చెబుతోందో చదివే ముందు ఆ పత్రం నమ్మదగినదేనా అని అడగడం మొదటి సంవత్సరంలోనే మీకు నేర్పిన పని.

7.8 ఒకదాని వెంట ఒకటిగా పోయిన టర్బోలు

ప్యూజో–సిట్రోయెన్, ఫోర్డ్ సంస్థలు కలిసి రూపొందించిన 1.6 లీటర్ల డీజిల్ ఇంజన్ 2000ల మొదట్లో వచ్చి యూరప్‌లో అనేక కంపెనీల కార్లలోకి వెళ్లింది. పొదుపైన మంచి ఇంజన్. కానీ కొన్నేళ్లకు గ్యారేజీల్లో ఒక వింత మొదలైంది. టర్బో పోయేది, కొత్తది బిగించేవారు, అదీ కొద్దికాలానికే పోయేది. మూడోది కూడా. యజమాని గ్యారేజీని తిట్టాడు, గ్యారేజీ టర్బో చేసినవారిని తిట్టింది, వారు తిరిగొచ్చిన టర్బోలను విప్పి చూశారు. బేరింగులన్నీ ఆయిల్ అందక మాడిపోయి ఉన్నాయి. తయారీ లోపం లేదు.

వెనక్కి తవ్వుకుంటూ వెళ్లగా తేలిన కథ ఇది. ఇంజన్ తలపై ఇంజెక్టర్ల కింద చిన్న రాగి వాషర్లుంటాయి. అవి సరిగా కూర్చోకపోతే మండిన వాయువు పక్కనుంచి కారుతుంది. ఆ మసి ఆయిల్‌లో కలిసి గట్టిపడి తునకలవుతుంది. టర్బోకు ఆయిల్ వెళ్లే సన్నని గొట్టం మొదట ఒక చిన్న జాలీ ఫిల్టర్ ఉంది. తునకలు దాన్ని పూడ్చేస్తాయి. ఆయిల్ ఆగుతుంది, టర్బో మాడుతుంది. టర్బో ఒక్కటి మార్చినవాడు ఆ పూడిన జాలీని, సంపులో పేరుకున్న మసిని, కారుతున్న వాషర్ని యథాతథంగా ఉంచి కొత్త టర్బోను వాటికి బలి ఇచ్చాడన్నమాట. కొన్ని రూపాయల వాషర్ దగ్గర మొదలైన గొలుసు చివర వేల రూపాయల టర్బో ఉంది. ఆయిల్ మార్చే గడువును ఎక్కువ కిలోమీటర్లకు పొడిగించడం కూడా ఈ గొలుసును బిగించిందని నా అభిప్రాయం.

తర్వాత టర్బో అమ్మేవారే నిబంధన పెట్టసాగారు: ఆయిల్ గొట్టాలు కొత్తవి వేయాలి, సంపు విప్పి శుభ్రం చేయాలి, టర్బో గుండా నిమిషంలో ఎంత ఆయిల్ దిగుతోందో కొలిచి చూడాలి. ఇవి చేశామని రుజువు లేకపోతే గ్యారంటీ చెల్లదు. కాజీపేట షెడ్డులో స్టాప్‌వాచ్‌తో నిలబడిన మనిషికీ, కొలత పాత్రతో ఆయిల్ పట్టి చూసే ఈ మెకానిక్కూ పెద్ద తేడా లేదు. ఇద్దరూ విప్పే ముందు కొలుస్తున్నారు.

అభ్యాసం

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ల డీజిల్ కారు, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నెల కిందట ముందు బంపరు దెబ్బతింటే ఇంటర్‌కూలర్ విప్పి మళ్లీ బిగించారు. పది రోజులుగా ఫ్లైఓవర్ ఎక్కడానికి కష్టపడుతోంది. పొగ లేదు. ఇంజన్ 2000 చుట్లు దాటాక బుస్సుమనే చప్పుడు. ఆయిల్ మట్టం సరిగానే ఉంది. సంకేతం పి 0299. ఇంజన్ ఆపి తాళం తిప్పి చూస్తే సెన్సరు 95 చూపిస్తోంది. టర్బో మార్చాలని యజమానికి ఇప్పటికే ఒకరు చెప్పారు.

పైన చెప్పిన నాలుగు ఆధారాల్లో దేనిని మీరు ముందుగా అనుమానిస్తారు? ఏ ఆధారాలను బట్టి? మీ అనుమానం తప్పని తేల్చగల ఒక పరీక్ష ఏమిటి? రెండు పుటలకు మించకుండా రాసి, కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.